పాడుపడిన నగరము, పాడుపడని కాలువ

పెద్దలారా, మన అనంతపురపు మెట్టకు వాయవ్యదిశగా, బళ్లారి దాటి, సుమారు నూరు మైళ్ల దూరమున తుంగభద్ర యొడ్డున ఒక మహానగరపు శిథిలములు గలవు. అదియే విజయనగరము. హంపి విరూపాక్షుని తిరునాళ్లకు పోయివచ్చినవారు మీలో పలువురుందురు. గుట్టలమీద గుట్టలు, వాని నడుమ కోటగోడలు, మండపములు, పొడవైన రాతి బజారులు, ఎంత నడిచినను తరుగని విస్తీర్ణము. అంత విస్తీర్ణములో నేడు కాపురమున్నవి హంపి, కమలాపురము, కడ్డిరాంపురము, ఏటి ఆవలి యొడ్డున ఆనెగొంది మొదలగు కొన్ని గ్రామములు మాత్రమే. ప్రపంచ వారసత్వస్థలముగా 1986లో గుర్తింపబడిన భాగమే నాలుగు వేల హెక్టారులకు మించియున్నది. ఊరు కొండంత, జనము గుప్పెడంత. ఇట్టి నగరమెట్లు పుట్టెను, ఎట్లు నిండెను, ఎట్లు వట్టిపోయెను, వట్టిపోయిన పిమ్మట దానిలో నేమి మిగిలెను అను విషయమును నేడు మనవి చేయదలచితిని. ఈ కథలో మన చెరువుకట్టల కథయు నిమిడియున్నది.

హరిహరుడు, బుక్కరాయడు అను సంగమ సోదరులు 1336లో ఈ నగరమును స్థాపించిరని సంప్రదాయము. వారు కోరుకొనిన చోటు సామాన్యమైనది కాదు. ఉత్తరమున తుంగభద్ర బండరాళ్లను చీల్చుకొని సుడులు తిరుగుచు ప్రవహించును. వానకాలమున దానిని దాటుట శత్రువునకు దుర్లభము. మిగిలిన దిక్కుల గుట్టలు సహజమైన కోటగోడలవలె నిలిచియున్నవి. గుట్టకును గుట్టకును నడుమ గోడ కట్టిన చాలును, కోట సిద్ధమగును. క్రీ.శ. 1420 ప్రాంతమున వచ్చిన నికొలో కాంటి అను ఇటలీదేశపు వర్తకుడు ఈ నగరపు చుట్టుకొలత అరువది మైళ్లనియు, గోడలు కొండలమీదికి ఎక్కి లోయలను లోపల చేర్చుకొనుచున్నవనియు వ్రాసెను.

అరువది మైళ్ల కోటలో జనమంతయు ఇల్లు నిల్లు అంటి క్రిక్కిరిసి యుండిరా అని సందేహము కలుగవచ్చును. దానికి సమాధానము 1443లో ఇచ్చటికి వచ్చిన అబ్దుర్ రజాక్ వ్రాతలలో దొరకును. ఆయన హిరాతు సుల్తాను షారూఖ్ పంపగా రెండవ దేవరాయల కొలువునకు వచ్చిన రాయబారి. నగరమునకు ఒకదానిలోపల నొకటిగా ఏడు కోటలు గలవనియు, మొదటి మూడు గోడల నడుమ పొలములు, తోటలు, ఇండ్లు ఉన్నవనియు, ఆ లోపలికి పోయిన కొలది అంగళ్లు, జనసమ్మర్దము అధికమగుననియు ఆయన చెప్పెను. నున్నగా చెక్కిన రాతికాలువలలో నీరు పారుచుండుటయు ఆయన కంటబడెను. తరువాత కృష్ణదేవరాయల కాలమున, 1520 ప్రాంతమున, డొమింగో పేస్ అను పోర్చుగీసువాడు వచ్చి, వెలుపలి కోటవాకిలి దాటిన పిమ్మట అసలు ఊరు చేరుటకు చాల దూరము నడువవలెననియు, ఆ నడుమ వరిమళ్లు, తోటలు గలవనియు వ్రాసెను. కొండ యెక్కి చూచినను ఊరంతయు ఒక్కచోటినుండి కానరాలేదట. కనబడినంతమట్టుకే రోమునగరమంత పెద్దదిగా నున్నదట. జనసంఖ్య వ్రాసినచో కట్టుకథ యనుకొందురని వెరచి, దానిని వ్రాయక విడిచెను.

కావున విజయనగరము ఒక ఊరనుటకంటె, కోటగోడ చుట్టిన ఒక సీమ యనుట ఒప్పును. రాచనగరు, బజారులు జనముతో నిండియున్నను, వాని చుట్టు మళ్లు, మామిడితోపులు, చెరువులు, చిన్న పల్లెలు విరివిగా పరచుకొని యుండెను. దీనికి కారణము సులభముగనే తెలియును. బహమనీ సుల్తానులతో తరతరముల యుద్ధము జరుగుచుండెను. శత్రువు కోటను ముట్టడించి నెలల తరబడి కూర్చుండినచో, లోపలివారికి తిండియు నీరును ఎచ్చటినుండి రావలెను? పొలము కోటలోపలనే యున్నచో ముట్టడికి భయము తగ్గును. గోడ కట్టించిన రాజు వరిమడినికూడ గోడలోపలనే పెట్టుకొనెను.

అయితే మడి యున్న చాలదు, నీరు కావలెను. ఆ ప్రాంతమును మన సీమవలెనే వానదేవుని కనికరము కొరవడిన నేల. ఏరు ప్రక్కనే పారుచున్నను, అది పల్లమున, బండలనడుమ నుండును. పొలము మెరకన నుండును. విజయనగరపు పనివారు దీనికి చేసిన ఉపాయమును నేటి ఇంజనీర్లుకూడ మెచ్చుకొందురు. ఏటికి అడ్డముగా తిన్నని గోడ కట్టుటకు పూనుకొనక, నీటిలో సహజముగా నున్న బండరాళ్లను ఒకదానితో నొకటి కలుపుచు, వంకరటింకరగా, తక్కువ యెత్తు ఆనకట్టలు కట్టిరి. వరద వచ్చినపుడు నీరు వానిమీదుగా పొరలిపోవును. సామాన్యకాలమున కొంత నీరు ప్రక్కకు మరలి కాలువలో ప్రవేశించును. గుట్టల అంచులను పట్టుకొని, వాలు తప్పకుండ, ఆ కాలువలు మైళ్లకొలది పారును. గుళ్లున్న భాగమునకును రాచనగరునకును నడుమనున్న లోయలో పారు హిరియ కాలువ యిట్టిదే. రాయ కాలువ, బసవన్న కాలువ మొదలగునవికూడ ఆ కాలపు నిర్మాణములే. కమలాపురపు చెరువునకు నీరిచ్చునది రాయ కాలువయే.

కాలువ యెక్కని మెరకనేలకు చెరువే గతి. కృష్ణదేవరాయలు రెండు కొండల నడుమ ఒక పెద్ద చెరువు కట్టించుచుండగా పేస్ స్వయముగా చూచెను. పదునైదు ఇరువది వేలమంది ఒక్కమారుగా పనిచేయుచుండిరనియు, చీమలబారువలె నేల కనబడకుండ నుండిరనియు ఆయన వ్రాత. పనిని భాగములుగా పంచి ఒక్కొక్క దొరకు ఒక్కొక్క భాగము నొప్పగించిరి. ఇంత చేసినను ఆ కట్ట రెండుమూడు మారులు తెగెను. అపుడు కట్ట నిలుచుటకై రాజు అరువదిమంది మనుష్యులను, కొన్ని గుఱ్ఱములను, దున్నలను బలి యిప్పించెనని కూడ పేస్ వ్రాసెను. వినుటకే ఒడలు జలదరించు మాట. రాజాధిరాజునకైనను నీటిని నిలుపుట ఎంత కష్టమో, కట్ట తెగు ననిన ఎంత భయమో దానివలన తెలియుచున్నది.

కొంతకాలము తరువాత, 1535 ప్రాంతమున వ్రాసిన నూనిజ్ అను మరియొక పోర్చుగీసువాడు ఈ చెరువును గూర్చియే ఇంకొక సంగతి తెలిపెను. ఆ నీటిక్రింద క్రొత్తగా సాగుచేసినవారికి తొమ్మిది సంవత్సరములు పన్ను లేకుండ భూమి నిచ్చిరట. నేల చదునై, మళ్లు స్థిరపడిన పిమ్మటనే ఆదాయము వచ్చి, అది ఇరువది వేల వరహాల వరకు పెరిగెనట. చెరువులు, కాలువలు త్రవ్వించి, పేదరైతునకు పన్ను తగ్గించి యిచ్చిన రాజునకే ధనమును ధర్మమును వృద్ధిపొందునని కృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో రాజనీతిగా చెప్పియున్నాడు. చెప్పిన మాటను చేసి చూపినాడనుటకు ఈ తొమ్మిదేండ్ల మినహాయింపే సాక్ష్యము.

ఇంతటి నగరము రెండువందల ఇరువది తొమ్మిదేండ్లు వర్ధిల్లి, 1565 జనవరిలో ఒక్క యుద్ధముతో కూలెను. కృష్ణానదీతీరమున రాక్షసతంగడి చెంత, దక్కను సుల్తానులు కూటమిగట్టి, అళియ రామరాయలను ఓడించి చంపిరి. దీనినే తళ్లికోట యుద్ధమందురు. రామరాయల తమ్ముడు తిరుమలరాయలు యుద్ధభూమినుండి రాజధానికి వచ్చి, బొక్కసములోని ధనమును ఏనుగులమీద కెక్కించుకొని, నామమాత్రపు రాజైన సదాశివరాయలను వెంటబెట్టుకొని దక్షిణమునకు తరలిపోయెను. ఆయన చేరిన చోటు మన పెనుగొండయే. దిక్కులేని నగరమును విజేతలు నెలల తరబడి దోచిరి, కాల్చిరి, పగులగొట్టిరి.

రెండేండ్ల తరువాత, 1567లో, సీజరు ఫ్రెడరికు అను వెనీసు వర్తకుడు అచ్చటికి వచ్చి ఏడు నెలలుండెను. ఆయన వ్రాసిన మాటలు ఆలోచింపదగినవి. ఊరు పూర్తిగా నాశనము కాలేదనియు, ఇండ్లు నిలిచియే యున్నవనియు, వానిలో మనుష్యులు లేక పులులు, అడవిమృగములు తిరుగుచున్నవని చెప్పుకొనుచున్నారనియు ఆయన తెలిపెను. తిరుమలరాయలు తిరిగి వచ్చి ఊరిని నిలుపవలెనని ప్రయత్నించెను గాని అది సాగలేదు.

ఇండ్లుండగా జనమెందుకు తిరిగి రాలేదు? మనము విచారింపవలసిన ప్రశ్న యిది. దొంగలభయము కొంత కారణమే. అసలు కారణము జీవనాధారమునందున్నది. నగరములోని జనములో సైనికులు, కొలువువారు, గుఱ్ఱపు వర్తకులు, రత్నవర్తకులు, శిల్పులు, నేతగాండ్రు, భోగపరిచారకులు ఎక్కువ. వీరందరి కూడును రాజుగారి బొక్కసమునుండి వచ్చునది. బొక్కసము ఏనుగులెక్కి పెనుగొండకు పోయిన దినముననే వారి కూడును దానితో పోయెను. అంగడివాడు కొనువాడున్న చోటికి పోవును గాని, రాతిమండపమును చూచుకొని కూర్చుండడు. సేద్యగాని సంగతి వేరు. వాని బొక్కసము కాలువలో నున్నది. దానిని ఏ ఏనుగును మోసికొని పోలేదు. మళ్లకు నీరు వచ్చుచున్నంతకాలము వాడచ్చట నిలుచుటకు కారణమున్నది.

ఆ కాలువలు నేటికిని పారుచున్నవి. సింహాసనవేదికలు ఎండకు ఎండుచుండగా, వాని చెంతనే అరటితోటలు, చెరకు, వరి పచ్చగా కానవచ్చును. విజయనగర కాలువలు అను పేరుతోనే నీటిపారుదలశాఖ వారు వానిని వ్యవహరింతురు. రాజులు మారిరి, బిజాపురము వచ్చెను, మైసూరు వచ్చెను, నైజాము వచ్చెను, 1800లో కుంఫిణీ వచ్చెను, పిమ్మట స్వరాజ్యము వచ్చెను. ఎవరు వచ్చినను కాలువ పూడికతీయక తప్పలేదు. తీసినవారు తీసిరి, నీరు పారెను.

ఇక మన సీమకును ఆ నగరమునకును గల సంబంధమును చూతము. రాజధాని పెనుగొండకు వచ్చుట 1565లో జరిగినను, విజయనగరపు నీటివిద్య మన మెట్టకు అంతకు రెండువందల యేండ్లు ముందే వచ్చెను. 1388 నాటి ఒక శాసనమున ఒక ముచ్చట గలదు. రెండవ హరిహరరాయల కుమారుడైన ప్రతాప బుక్కరాయలు పెనుగొండలో నుండి, ప్రజల సుఖముకొరకు పెన్నేటి నీటిని పెనుగొండకు తేవలెనని నిండుకొలువులో సింగాయభట్టు అను జలసూత్రధారి కాజ్ఞాపించెను. ఆయన సిరువేర చెరువునకు కాలువ త్రవ్వి, దానికి ప్రతాప బుక్కరాయ మండలపు కాలువ యని రాజు పేరు పెట్టెను. కవులకును సేనాపతులకును శాసనములు వేయించిన కాలమున, కాలువ త్రవ్విన పనివాని పేరును రాతికెక్కించిరి. ఇది గమనింపదగిన గౌరవము.

అనంతపురము పుట్టుకయు నీటితోనే. మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో పండమేరునకు కట్ట వేయించి, ఒక కొనను తన ప్రభువు పేర బుక్కరాయసముద్రమును, మరియొక కొనను అనంతసాగరమును నిలిపెనని ఐతిహ్యము. ముందు చెరువు, పిమ్మట ఊరు. ఆ కట్టను గూర్చియే ముసలమ్మ కథ మన యింటింట వినబడుచున్నది. చెరువు తెగబోవు సమయమున ఊరి మేలుకొరకు బుక్కరాయసముద్రపు కోడలు ముసలమ్మ తన ప్రాణమును కట్ట కర్పించెనని కథ. దానినే కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యముగా రచించిరి. పేస్ వ్రాసిన బలులకును ముసలమ్మ త్యాగమునకును భేదము గలదు. అక్కడ రాజు ఇతరుల తలలు తీయించెను. ఇక్కడ ఒక యిల్లాలు తన్ను తాను ఇచ్చుకొనెను. కాని రెండింటి వెనుకను ఉన్న భయమొక్కటే. కట్ట తెగిన ఊరుండదు.

ఇంతవరకు కాలువ గొప్పను చెప్పితిని. ఇక చేదుమాటయు చెప్పవలెను. 1980 మొదలుకొని జాన్ ఫ్రిట్జ్, జార్జి మిషెల్ మొదలగు పండితులు విజయనగరపు శిథిలములను గోడగోడయు కొలిచి పటములు వ్రాసిరి. 1987 మొదలు పదేండ్లపాటు కార్లా సినొపొలి, కాథ్లీన్ మారిసన్ అను విదుషీమణులు నగరపు వెలుపలి పొలములను కాలినడకన పరిశోధించిరి. వారికి లెక్కకు మిక్కిలిగా పాతచెరువులు కనబడెను. వానిలో చాలవరకు పూడిపోయినవి, గండిపడి విడువబడినవి. ఇరువది వేలమంది చీమలవలె పనిచేసి కట్టినదిగా పండితులు తలచుచున్న హోసపేట దక్షిణపు రాయకెరెలోకూడ నేడు నీరు నిలువదు. దాని గర్భము సాగునేల యైనది. ఏటి కాలువ నిలిచెను, వానచెరువు నిలువలేదు. ఎందుచేతననగా, కాలువకు జీవనది యేటేట ప్రాణము పోయుచుండును. వానచెరువునకు ప్రతి వరదయు నీటితోపాటు మన్నును తెచ్చును. ఆ మన్నును ఎత్తువాడు లేనిచో, ఎంత గొప్పరాజు కట్టిన చెరువైనను కొన్ని తరములలో మడిచెక్క యగును.

ఈ పాఠము మన కెక్కువగా తగులును. సంవత్సరమునకు ఇరువదిరెండు అంగుళముల వాన మాత్రమే కురియు ఈ మెట్టలో జీవనది లేదు. పెన్న, చిత్రావతి, వేదవతి వాన కురిసిననాడు పారును, మరునాడు ఇసుకయగును. మనకున్నవి చెరువులే. ఈ నిజమును పూర్వులెరుగుదురు గనుకనే చెరువు మరమ్మతు చేయువారికి దశబంధపు ఇనాములు ఏర్పరచిరి. తూము విప్పుటకు, కట్టుటకు, చివరి మడికికూడ నీరు పంచుటకు నీరుగంటి నుంచిరి. వేసవిలో ఇంటికొక మనిషి పారపట్టి పూడిక తీయుట గ్రామధర్మముగా పాటించిరి. ఈ కట్టుబాట్లు సడలినకొలది చెరువు మెరకయై పోయెను. 1876లో మొదలైన ధాత కరవు ఈ సీమను ఎట్లు పీల్చివేసెనో మన తాతముత్తాతలు చెప్పగా విన్నవారి మాటలు నేటికిని ఊళ్లలో నిలిచియున్నవి.

ఇక ఆ ఉత్తరపు ఏటినీరే మనకు వచ్చిన విధమును చెప్పి ముగింతును. 1882లో బళ్లారి నుండి అనంతపురము జిల్లాగా వేరుపడెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడిన దినమున బళ్లారి, హోసపేట, హంపి మైసూరు రాష్ట్రమునకు చేరెను. రాయదుర్గము మనకు వచ్చెను. పాతరాజధాని అట్లు మన సరిహద్దు ఆవలికి పోయినను, దాని నది మనకు బంధువుగనే మిగిలెను. హంపికి ఎగువన, హోసపేట చెంత 1945లో ప్రారంభమైన తుంగభద్ర ఆనకట్టనుండి 1953లో నీరు విడువబడెను. దాని కుడిప్రక్క ఎగువ కాలువ బళ్లారిమీదుగా మన జిల్లాకు వచ్చి మధ్యపెన్నారు జలాశయమును, పెన్నహోబిలము జలాశయమును నింపుచున్నది. రాయ, బసవన్న కాలువలకు కూడ నేడు ఆ జలాశయమునుండియే నీరు వచ్చుచున్నది. ఆనాడు కృష్ణరాయల వరిమడిని తడిపిన ఏరే నేడు మన బిందెను నింపుచున్నది.

ఆ జలాశయమునకును చెరువు ధర్మమే వర్తించును. కట్టిననాడు సుమారు 133 టీయంసీల నీరు పట్టినది, పూడికచేత నేడు 105 టీయంసీల చిల్లరయే పట్టుచున్నది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి ముప్పదిమూడు గేట్లలో పందొమ్మిదవ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయెను. నిండుకుండవలె నున్న జలాశయమునుండి నీరు ఏటిపాలగుచుండగా రెండు రాష్ట్రముల రైతుల గుండెలు జారెను. కన్నయ్యనాయుడను వృద్ధనిపుణుని ఆధ్వర్యమున పనివారు వారము దినములలో ఆ పారుచున్న వరదలోనే ఇనుపపలకలు దింపి నీటి నాపిరి. ఆనాడు ఏ తలయు తెగలేదు, ఎవరి ప్రాణమును కట్టకు అర్పింపబడలేదు. నేర్పు, తెగువ, సమయమునకు దొరకిన ఇనుము, ఇవియే కట్టను కాపాడినవి. కాని ఆ గొలుసు తెగక ముందే దానిని చూచుకొనుట ఇంకను మేలు గదా!

పెద్దలారా, విజయనగరపు గోపురములను చూచి మన పూర్వవైభవము గొప్పదని నిట్టూర్చుట సులభము. ఆ వైభవములో ఏనుగులెక్కి పోగలిగినది పోయెను, పోలేనిది మిగిలెను. పోలేనిది నీటితోవ. దానిని గూడ మనిషిచేయి విడిచినచోట మన్ను మ్రింగెను. ఈ వేసవిలో మీ ఊరి చెరువు గర్భమును ఒకమారు నడిచి చూడుడు. తూము ఎంతవరకు పూడినదో, మరవ ఎక్కడ కూలినదో, వంక ఎవరి కంచెతో మూసుకొనిపోయినదో కనుగొని, పదిమందిని పిలిచి చెప్పుడు. మీ మాటకు ఊరిలో విలువ గలదు. మొదటి తట్ట మన్ను ఎత్తించు భారము పెద్దలదే.